విజయవాడ ఎండల్లో రీలు కడగడం

ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీలో సమన్వయ సమ్మేళనాల పాఠం చివర, ఉపయోగాల కింద ఒక వాక్యం ఉంటుంది. నలుపు తెలుపు ఫొటోగ్రఫీలో డెవలప్ చేసిన ఫిలింను హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంతో కడిగితే, మార్పు చెందకుండా మిగిలిన సిల్వర్ బ్రోమైడ్ సంశ్లిష్ట అయాన్‌గా మారి కరిగిపోతుందని. ఎన్నో ఏళ్లుగా ఆ వాక్యం చెబుతున్నాను. పిల్లలు రాసుకుంటారు, నేను తర్వాతి పాఠానికి వెళ్తాను. హైపో మా ల్యాబులో ఎప్పుడూ ఉంటుంది, డిగ్రీ వాళ్ల అయోడిన్ టైట్రేషన్లకు కావాలి కాబట్టి. అయితే ఆ హైపోలో ఫిలిం ముక్క మునగడం నేను ఎన్నడూ చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఆలోచన తెచ్చినవాడు డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడు. మేనమామ ఇంట్లో అటక మీద పడి ఉన్న యాషికా ఎఫ్‌ఎక్స్-3 దించుకున్నాడు. దాని పై తోలు పొట్టు పొట్టుగా రాలిపోతోంది, వెనక తలుపు అంచున ఉండే నురగ జిగురై వేళ్లకు అంటుకుంటోంది. కానీ షటర్‌కు బ్యాటరీ అక్కర్లేదు, అంతా యంత్రమే, అందుకని పనిచేస్తోంది. ఆన్‌లైన్‌లో ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిలిం రీలు తెప్పించి ముప్పై ఆరు ఫొటోలూ తీసేసి, అప్పుడు అడిగాడు.

“మేడమ్, ఇది ఎక్కడ కడిగిస్తారు?”

గవర్నర్‌పేటలో స్టూడియోలన్నీ తిరిగాడట. ఒకాయన నవ్వి ఊరుకున్నాడు. ఇంకొకాయన హైదరాబాదుకో బెంగళూరుకో కొరియర్ చేసుకోమన్నాడు. నా వయసు వాళ్లకు ఇది వింతే. మా చిన్నప్పుడు ఇదే ఊళ్లో రీలు ఇచ్చి వస్తే సాయంత్రానికో మర్నాటికో ఫొటోల కవరు చేతిలో ఉండేది. ఇంకో వింత కూడా ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు వేసే పెద్ద ల్యాబుల్లో ఇప్పటికీ చాలాచోట్ల వెండి లవణం పూసిన కాగితం మీదే లేజరుతో బొమ్మ వేసి రసాయనాల్లో ముంచి తీస్తారు. మన కరిష్మా ఆల్బమ్‌లలో వెండి బొమ్మకు సాయం చేస్తూనే ఉంది. ఊళ్లోంచి పోయింది రీలు కడిగే యంత్రం ఒక్కటే.

కుర్రాడికి ఈ పిచ్చి ఎందుకు పట్టిందో అడిగాను. “అందరి ఫోన్లూ ఒకేలా తీస్తాయి మేడమ్. మబ్బు పట్టినా ఆకాశం నీలంగానే వస్తుంది” అన్నాడు. నాకు నచ్చిన జవాబు అది. పాతకాలం మీద మమకారం అని చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు, వాడు పుట్టేసరికే ఫిలిం కథ ముగింపుకు వచ్చింది. డిజిటల్ కెమెరా మొదటి నమూనాను 1975లో తన ల్యాబులోనే చేయించుకున్న కొడాక్, 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. మన ఊటీలో 1960లో ప్రభుత్వం పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ ‘ఇందు’ పేరుతో ఫిలిం, కాగితం, ఎక్స్‌రే ఫిలిం చేసి చేసి మూతపడింది. అలాంటిది కొడాక్ 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్‌ను 2018లో మళ్లీ తెచ్చింది. పెంటాక్స్ 2024లో సరికొత్త ఫిలిం కెమెరానే విడుదల చేసింది. కొంటున్నది ఎక్కువగా వీడి ఈడు వాళ్లేనంటారు.

కొరియర్ వద్దు, మనమే కడుగుదాం అన్నాను. ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, రీలు కడగడానికి కావలసిన రసాయనాలు ఒక్కటి కూడా నాకు కొత్త కాదు.

1920లలో కొడాక్ సినిమా ఫిలిం కోసం తయారుచేసిన డీ-76 అనే డెవలపర్ (ఫిలిం మీద దాగిన బొమ్మను పైకి తెచ్చే ద్రావణం) సూత్రం బహిరంగమే. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, నీరు లేని సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. బోరాక్స్ అంటే కంసాలులు వాడే వెలిగారమే. వన్‌టౌన్‌లో కాలేజీలకు ల్యాబు సరుకు ఇచ్చే దుకాణంలో నాలుగూ దొరికాయి. మెటాల్ ఎందుకని దుకాణం ఆయన అడిగాడు. ఫొటోలకు అంటే, “ఫొటోలకా?” అని సీసా తుడిచి ఇచ్చాడు.

కలపడంలో వరుస ముఖ్యం. యాభై డిగ్రీల వేడినీళ్లలో ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైట్. సల్ఫైట్ మొత్తం ముందే పోస్తే మెటాల్ కరగనని మొండికేస్తుంది. చిటికెడు కూడా వేయకపోతే గాలి తగిలి ఆక్సీకరణం చెంది రంగు మారుతుంది. మెటాల్, హైడ్రోక్వినోన్ అనే రెండు క్షయకరణులను జోడీగా వాడటంలో ఒక అందముంది. విడివిడిగా వాటి వేగాలను కూడితే వచ్చేదానికన్నా రెండూ కలిసినప్పుడు వేగం ఎక్కువ. మెటాల్ వెండిని క్షయకరణం చేసి తాను ఖర్చయితే, హైడ్రోక్వినోన్ దాన్ని మళ్లీ పనిలోకి దించుతుంది. ఇది పాఠ్యపుస్తకంలో లేదు, ఉండాల్సింది. ఒక జాగ్రత్త: మెటాల్ కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి, కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. కొలపాత్రలన్నీ ల్యాబువే. వంటింటి గిన్నె ఒక్కటి కూడా ఇందులోకి రాకూడదని మా అత్తగారు ముందే చెప్పారు, చెప్పకపోయినా నేను తేను.

చీకటి పని మా ఇంట్లో పెట్టుకున్నాం. సినిమాల్లో ఎర్రబల్బు కింద ఫొటో తేలుతుంది కదా, ఆ బల్బు కాగితం మీద ప్రింటు వేసేటప్పటిది. ఆ కాగితానికి ఎరుపు కనబడదు. ఈ ఫిలిం అన్ని రంగుల వెలుతురునూ చూస్తుంది, ఎరుపు పడినా పాడైపోతుంది. అందుకని చేతులు మాత్రమే దూర్చే రెండు పొరల నల్ల సంచి ఒకటి అమ్ముతారు, ఛేంజింగ్ బ్యాగ్ అంటారు. అందులో రీలు, కత్తెర, ప్లాస్టిక్ చక్రం, ఆ చక్రం పట్టే చిన్న ట్యాంకు పెట్టి జిప్పు వేసి, మోచేతుల దాకా దూర్చి, రీలు డబ్బా మూత ఊడదీసి, ఫిలింను చక్రం గాడిలోకి తడుముకుంటూ ఎక్కించాలి. లంగాకు బొందు ఎక్కించడం అలవాటున్న చేతికి ఇది త్వరగానే పట్టుబడుతుంది. ముందు ఒక పాత రీలుతో వెలుతురులో, తర్వాత కళ్లు మూసుకుని సాధన చేశాం. కుర్రాడికంటే నాకే ముందు వచ్చింది.

అయితే ఇంగ్లండువాళ్లో అమెరికావాళ్లో రాసిన సూచనల్లో లేని చిక్కు ఒకటి ఎదురైంది. ఏప్రిల్ నెల విజయవాడలో ఆ సంచిలో చేతులు రెండు నిమిషాల్లో చెమటతో తడిసిపోతాయి. తేమ తగిలితే ఫిలిం ప్లాస్టిక్ గాడికి అతుక్కుని ముందుకు కదలదు. లాగితే గీతలు పడతాయి. ఏసీ గదిలో అరగంట ముందే సంచీ సామానూ చల్లబరిచి, చేతులు బాగా తుడుచుకుని చేస్తేనే పని జరిగింది. ట్యాంకు మూత పడ్డాక ఇక చీకటి అక్కర్లేదు. ఆ మూత వెలుతురు రానివ్వదు, నీళ్లు మాత్రం పోసుకోవచ్చు.

ఇక అసలు కథ నీళ్లది. ఫొటో అంటే వెలుతురని అందరూ అంటారు గానీ, ఈ ఊళ్లో అది ముప్పావు వంతు నీళ్ల వ్యవహారం. సూచనలన్నీ 20 డిగ్రీల దగ్గర రాసి ఉంటాయి. మా మేడ మీది ట్యాంకు నీళ్లలో థర్మామీటరు పెడితే మధ్యాహ్నం 38 చూపించింది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చర్యావేగం ఇంచుమించు రెట్టింపవుతుందని చర్యావేగ పాఠంలో చెబుతాం. డెవలపర్‌కూ దాదాపు అదే వర్తిస్తుంది. డీ-76ను సమానంగా నీళ్లు కలిపి వాడితే ఈ ఫిలింకు 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. 24 దగ్గర ఎనిమిది నిమిషాల లోపే చాలు. ఇంకా వేడెక్కితే సమయం ఐదు నిమిషాల కిందకి పడిపోతుంది, అంత తక్కువలో ద్రావణం ఫిలిమంతా సమంగా పనిచేసే లోపే కాలం అయిపోయి మరకలుగా వస్తుంది. పైగా ఫిలిం మీద వెండి లవణాన్ని పట్టి ఉంచేది జెలటిన్. అది వేడినీళ్లలో ఉబ్బి మెత్తబడుతుంది. ఒక వేడి నుంచి ఇంకో వేడికి ఒక్కసారిగా మారిస్తే ముడతలు పడి బొమ్మంతా వల అల్లినట్టు పగులుతుంది. ఉష్ణదేశాల్లో పనిచేసే పాతవాళ్లు డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ కలిపేవారు, జెలటిన్ ఉబ్బకుండా.

ఇక్కడ నాకు రాజా దీన్‌దయాళ్ గుర్తొచ్చాడు. 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టి నిజాం దర్బారు ఫొటోలు తీసినవాడు, ఆయన గాజు నెగెటివ్‌లు ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఫ్రిజ్ లేని రోజుల్లో, దక్కను ఎండల్లో, గాజు పలకల మీద జెలటిన్ జారిపోకుండా ఎలా కడిగించాడో! దర్బారు ఠీవి గురించి రాసేవాళ్లు ఆ నీళ్ల సంగతి కూడా రాస్తే బాగుండును.

మేము చేసిందేమిటంటే, ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, ఫ్రిజ్‌లోని మంచు ముక్కలన్నీ వేసి, డెవలపర్, హైపో, కడిగే నీళ్ల సీసాలన్నీ అందులో నిలబెట్టాం. అన్నీ 24 దగ్గర కుదురుకునే దాకా ఆగాం. ఇరవైకి దించడం కుదరక కాదు, కుదిరినా పని పూర్తయ్యే దాకా నిలబెట్టలేం. చేతి వేడికే ట్యాంకు వేడెక్కుతుంది. అన్నీ ఒకే వేడిలో ఉండటమే ముఖ్యం. ఆ మంచు మజ్జిగ కోసం పెట్టిందని తర్వాత తెలిసింది.

డెవలపర్ పోశాక ట్యాంకును బల్లకేసి రెండు తట్లు తట్టాలి, బుడగలు పోవడానికి. తర్వాత ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లు తలకిందులు చేస్తూ ఉండాలి. కుర్రాడు ఫోనులో సమయం చూస్తున్నాడు, నేను తిప్పుతున్నాను. బయటికి ఏమీ కనిపించదు. లోపల జరిగేది తెలిసి ఉంటే మాత్రం ఆ నిమిషాలు బరువుగా గడుస్తాయి. షటర్ తెరుచుకున్న క్షణంలో వెలుతురు తగిలిన ప్రతి వెండి లవణ స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు ఏర్పడితే చాలు, అదే గుర్తు. మామూలు సూక్ష్మదర్శినికి కనిపించనంత చిన్నది. ఆ గుర్తు ఉన్న స్ఫటికాన్ని డెవలపర్ మొత్తంగా వెండి చేసేస్తుంది, లేనిదాని జోలికి పోదు. వెలుతురు చేసిన పనిని కోట్ల రెట్లు పెంచడం అంటే ఇదే.

తర్వాత మామూలుగా పలుచని అసిటిక్ ఆమ్లంతో డెవలపర్‌ను ఆపుతారు. నేను మంచినీళ్లతోనే సరిపెట్టాను. మాది ఉత్త హైపో, అందులో ఆమ్లం పడితే గంధకం విడిపోయి తెల్లగా చిక్కబడుతుంది. మొదటి సంవత్సరం వాళ్లు కాగితం మీద గుర్తు కనబడకుండా పోయే సమయం కొలిచే ప్రయోగం అదే కదా.

హైపో దగ్గర ఒక ఉపకారం జరిగింది. ఐదు నీటి అణువులతో ఉండే సోడియం థయోసల్ఫేట్ నీళ్లలో కరిగేటప్పుడు వేడిని లాగేసుకుంటుంది. లీటరుకు 240 గ్రాములు వేసి కలుపుతుంటే బీకరు చేతికి చల్లగా తగిలింది, థర్మామీటరు దాదాపు పది డిగ్రీలు కిందికి జారింది. మంచు ఖర్చు ఆ మేరకు తగ్గింది. వేసవిలో మా ఊళ్లో తనంతట తాను చల్లబడే వస్తువు ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు.

ఫిక్సింగ్‌కు, అంటే మిగిలిన వెండి లవణాన్ని హైపో కరిగించడానికి, ఎంతసేపో తెలుసుకోవడానికి రీలు మొదట్లో కత్తిరించిన నాలుక ముక్కను మామూలు వెలుతురులోనే హైపోలో వేశాం. పాలమీగడ రంగులో ఉన్న ముక్క. మొదట ఏమీ కాలేదు. అంచుల దగ్గర మబ్బు విడిచినట్టయింది, తర్వాత మధ్యలో, ఆ తర్వాత మొత్తం. బీకరు వెనక ఉన్న గడియారం అంకెలు ముక్కలోంచి కనబడ్డాయి. ఆ పట్టిన సమయానికి రెట్టింపు ఫిలింను ఉంచాలన్నది లెక్క. కుర్రాడు లెక్క రాసుకుంటున్నాడు. నేను ఇంకో ముక్క కత్తిరించి మళ్లీ వేశాను. అవసరం లేదు, చూడాలనిపించింది.

కడగడానికి పంపు విప్పి అరగంట వదలాలని పాత పద్ధతి. ఇల్‌ఫర్డ్ వాళ్లు చెప్పే పద్ధతిలో ట్యాంకు నింపి ఐదుసార్లు తలకిందులు చేసి పారబోయాలి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. ఒక లీటరు నీళ్లతో అయిపోతుంది. వేసవిలో ఇంతకంటే మంచి మాట లేదు. చివరి మునక మాత్రం బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌లో. మా అపార్ట్‌మెంటు బోరు నీళ్లలో ముంచి ఆరేస్తే ప్రతి చుక్కా తెల్లటి వలయమై ఫొటోలో ఆకాశం మీద కూర్చుంటుంది.

ట్యాంకు తెరిచి చక్రం విప్పితే తడి రీలు జారింది. బొమ్మలున్నాయి. దీని గురించి ఎక్కువ చెప్పను, చెబితే అందరూ చెప్పేదే అవుతుంది. స్నానాలగదిలో తీగకు క్లిప్పులతో వేలాడదీసి, కింద బరువుకు ఇంకో క్లిప్పు తగిలించి, ఫ్యాను ఆపి, ఆ రాత్రి ఎవరూ ఆ గదిలోకి వెళ్లకూడదని చెప్పాం. బల్లికి ఎవరూ చెప్పలేదు. అదృష్టవశాత్తు అది గోడ మీదే ఉండిపోయింది.

ఆరిన నెగెటివ్‌లను తెల్లటి ట్యాబ్లెట్ తెర మీద పరిచి ఫోనుతో ఫొటో తీసి, రంగులు తిరగేశాం. మా ఆయన అప్పుడు అడిగారు, చివరికి ఫోనుతోనే తీస్తున్నప్పుడు ఇంత తతంగం ఎందుకని. మంచి ప్రశ్నే. బొమ్మ చూడటానికి ఫోను కావాలి, నిజమే. కానీ ఫోను పోయినా ఈ వెండి నాతో ఉంటుంది, కిటికీ దగ్గర పట్టుకుంటే కనిపిస్తుంది. అంతకంటే పెద్ద కారణం, ఈ మధ్యలో ఏం జరిగిందో ప్రతి మెట్టూ నాకు తెలుసు. ఫోను లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు.

ఆ తర్వాత యాషికా అడిగి తీసుకుని నేనూ ఒక రీలు తీశాను. ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున్నే నడిచేవాళ్లు, కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు, రైవస్ కాలువ గట్టు. ఫిలిం ఉంటే ఆలోచించి తీస్తాం, మనసు నిలుస్తుంది అంటూ చాలామంది చెబుతారు. నాకు మనసు నిలవలేదు. రీలు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ ఉంటే ఒక్కో ఫొటోకు దాదాపు ముప్పై పడింది కదా అన్న లెక్కే తిరిగింది. కాలువ గట్టు మీద ఒక పెద్దాయన ఇంకో ఫొటో తీయమంటే తీయలేదు, అది ఇప్పటికీ చివుక్కుమంటోంది. ఇది ఖరీదైన సరదా, వెండి ధర ఉన్నంత కాలం ఖరీదుగానే ఉంటుంది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు వచ్చేటప్పుడు నూరడుగుల రీలు తెచ్చాడు. అందులో పద్దెనిమిది డబ్బాలు నింపుకోవచ్చు, అలాగైతే కొంత చవక. చెక్-ఇన్ సామానులో పెట్టవద్దని, అక్కడి స్కానింగులో ఫిలిం మసకబారుతుందని, చేతి సంచిలో తెచ్చి చేత్తో తనిఖీ చేయమని అడగమని ఫోనులో అంతదూరం చెబితే, “అక్కా, బాదం పప్పు తెమ్మన్నప్పుడు ఇంత చెప్పలేదు” అన్నాడు.

వాడిన హైపోలో కరిగిన వెండి ఉంటుంది, దాన్ని కాలువలో పోయకూడదు. నీళ్లలోని జీవాలకు మంచిది కాదు, పైగా అది వెండి. పాత ఎక్స్‌రే ఫిలింలు కొనేవాళ్లు ఊరూరా తిరిగేది ఆ వెండి కోసమే. మేము సీసాలో ఇనుప పీచు, అంటే గిన్నెలు తోముకునే తుప్పు పట్టే రకం పీచే, వేసి ఉంచుతున్నాం. ఇనుము కరిగి వెండి నల్లటి మడ్డిగా దిగుతోంది. స్థానభ్రంశ చర్యకు ఇప్పుడు నా దగ్గర బోర్డు మీద రాయనక్కర్లేని ఉదాహరణ ఉంది. ఫిలిం నాలుక ముక్క ప్రయోగం కూడా తరగతిలో చేసి చూపించాను. వెనక బెంచీవాళ్లు లేచి ముందుకొచ్చారు, ఆ పాఠానికి ఇదివరకు ఎవరూ లేవలేదు.

కుర్రాడు ఇప్పుడు రంగుల ఫిలిం కడుగుదామంటున్నాడు. దాని పద్ధతి పేరు సీ-41. డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు, డిగ్రీలో చిన్న భాగం తేడా వచ్చినా రంగులు మారతాయి. దాని రసాయనం వన్‌టౌన్ దుకాణంలో దొరకదు, పొడుల పెట్టె బయటి నుంచి తెప్పించాలి. చలిదేశాల్లో ఆ వేడి నిలబెట్టడానికి హీటరు కొంటారట. మే నెల రానివ్వమన్నాను. మధ్యాహ్నం రెండింటికి మా పంపు విప్పితే చాలు.